బారెల్‌ను ముట్టుకోనివ్వకు

డాలస్

చిరంజీవి తమ్ముడికి,

నీ ఏఆర్-15కి హ్యాండ్‌గార్డ్ మారుస్తానని, ఏది కొనాలో చెప్పమని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని ఉత్తరమే రాస్తున్నాను.

ఇప్పుడు నీ రైఫిల్‌కి ఉన్నది రెండు ముక్కల ప్లాస్టిక్ తొడుగు. వెనక డెల్టా రింగు, ముందు ఫ్రంట్‌సైట్ దగ్గరి రేకు మూత దాన్ని పట్టి ఉంచుతాయి. అంటే ముందు కొస భారం బారెల్ మీదే. స్లింగ్ బిగించి లాగినా, బైపాడ్ మీద ఒరిగినా ఆ ఒత్తిడి బారెల్‌కే చేరుతుంది. వీణ తీగ మీద వేలు జరిగితే స్వరం మారినట్టు, ఒత్తిడి మారితే తూటా తగిలే చోటు మారుతుంది. నా మొదటి రైఫిల్‌తో స్లింగ్ బిగించినప్పుడల్లా నూరు గజాల దగ్గర గురి రెండంగుళాలు పక్కకి పోయేది. నెలరోజులు స్కోపునే తప్పుపట్టాను.

దీనికి విరుగుడు ఫ్రీ-ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్. అది వెనక బారెల్ నట్టు దగ్గరే బిగుసుకుంటుంది. అక్కణ్ణించి కొసదాకా బారెల్ చుట్టూ ఖాళీయే. అయితే ఇది మంచి బారెల్ గురిని కాపాడుతుందే గాని, నాసి బారెల్‌ను బాగుచేయదు.

ఇక ఉపకరణాలు తగిలించే రైళ్ళు. పికటినీ రైలుకి న్యూజెర్సీలోని ఆయుధాగారం పేరే వచ్చింది. 1995లో సైనిక ప్రమాణమైంది. గాడి వెడల్పు 5.23 మి.మీ., ఒక గాడి మధ్య నుంచి తర్వాతి గాడి మధ్యకు దూరం 10.01 మి.మీ. నాలుగు వైపులా పళ్ళుండే క్వాడ్ రైలు గట్టిదే, కానీ బరువు, చేతికి గరుకు. 2014లో మాగ్‌పుల్ తెచ్చిన ఎం-లాక్‌లో గొట్టానికి గాడులే ఉంటాయి. రైలు ముక్క కావలసిన చోటే తగిలించుకోవచ్చు. అమెరికా ప్రత్యేక దళాల కోసం క్రేన్‌లోని నౌకాదళ కేంద్రం దీన్ని పోటీ పద్ధతి కీమాడ్‌తో పోల్చి పరీక్షించినప్పుడు ఎం-లాక్‌దే పైచేయి అయింది. నువ్వూ అదే తీసుకో.

బిగించేముందు మ్యాగజీన్ తీసెయ్యి. ఛాంబర్‌ను కంటితో చూడు, వేలితో తడుము. రైలు ముక్క నట్లను గాడిలోకి దించి మర తిప్పితే అవి పావు చుట్టు తిరిగి అడ్డంగా పట్టుకుంటాయి. అలా తిరిగాయో లేదో లోపలికి చూసి నిర్ధారించుకో. మర పొడవైతే దాని కొస బారెల్‌కో గ్యాస్ ట్యూబుకో తగులుతుంది. అప్పుడు ఫ్రీ-ఫ్లోట్‌కి పెట్టిన డబ్బంతా వృథా. నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి, తయారీదారు కాగితంలో రాసినంతే బిగించు. మర తల మీద పెయింటు గీత పెట్టుకుంటే వదులైతే కనిపిస్తుంది.

స్కోపు మౌంటును మాత్రం సగం రిసీవర్ మీద, సగం హ్యాండ్‌గార్డ్ మీద ఎప్పుడూ పెట్టకు. హ్యాండ్‌గార్డ్ కాస్త వంగినా గురి తప్పుతుంది.

నీ రైఫిల్‌కి ఫ్రంట్‌సైట్ గ్యాస్ బ్లాక్ మీదే ఉంది కనుక, పొడవైన గొట్టం పట్టాలంటే దాన్నీ మార్చాలి. బారెల్ నట్టుకి టార్క్ రెంచి కావాలి. ఈ రెండు పనులూ గన్‌స్మిత్‌కే అప్పగించు.

ఖాళీ గాడి కనబడిందని ప్రతిదీ తగిలించకు. మోసేది నీ ఎడమ చెయ్యే. వాడేవి మాత్రమే ఉంచుకో.

ప్రేమతో,
అన్నయ్య