చెడు వార్త చెప్పగల గుమాస్తా – పరపతి సంఘాలలో నాయకత్వం, పని వాతావరణం

ఈ పత్రికను చదివేవారిలో ప్రాథమిక పరపతి సంఘాల అధ్యక్షులు, పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు చాలామంది ఉన్నారు. గడచిన సంవత్సరం గడువు నాటికి మీ సంఘంలో ఎంత శాతం బాకీలు వసూలైనవని అడిగితే మీరు తడుముకోకుండా చెప్పగలరు. ఆ అంకెను మీకు తెచ్చి చెప్పినదెవరు? అది మంచి అంకె కాకపోయి ఉంటే అతడు అంతే నిబ్బరంగా మీ ముందుకు వచ్చి ఉండేవాడా? నాయకత్వ శిక్షణ గురించి సదస్సులలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఈ రెండవ ప్రశ్న వేసినవారు అరుదు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లుగా గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో క్షేత్రాధికారిగా పనిచేస్తున్నాను. ఇక్కడ ప్రాథమిక పరపతి సంఘాన్ని సేవా సహకారీ మండలి అంటారు. అధ్యక్షుడు ‘ప్రముఖ్’. జీతం తీసుకొని లెక్కలు రాసే కార్యదర్శి ‘మంత్రి’. నేను చేరిన తొలి వారంలో ‘మంత్రిగారు వచ్చారు’ అని మా అటెండరు చెప్పగానే కుర్చీలోనుండి లేచి చొక్కా సర్దుకున్నాను. లోపలికి వచ్చినది చంకలో పద్దుపుస్తకం పెట్టుకొన్న ఒక నడివయస్కుడు. ఈ సంగతిని మా శాఖలో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. పదవి పేరు ఎంత పెద్దదైనా, ఆ మంత్రి తన ప్రముఖ్ ఎదుట నోరు విప్పగలిగినవాడు కాడని నాకు తెలియడానికి మరి కొంతకాలం పట్టినది.

మా శాఖ ద్వారా రుణసహాయం పొందే మండలి అది. పేరు చెప్పను. వరుసగా కొన్ని సంవత్సరాలు నూటికి నూరు శాతం వసూళ్లు చూపిన సంఘం. గోడమీద ప్రశంసాపత్రాలు వరుసగా ఉండేవి. తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ ‘వసూళ్లు సంతృప్తికరం’ అని రాసి సంతకం చేసినవాడిని నేనే కనుక ఇందులో నా వంతు కూడ ఉన్నదని ముందే ఒప్పుకొంటున్నాను.

ఆ నూరు శాతం వెనుక ఉన్న కిటుకు తెలుగు జిల్లాల పాఠకులకు కొత్తది కాదు. 3 లక్షల రూపాయల వరకు పంట రుణంపై వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వం 3 శాతం తగ్గింపు ఇస్తుంది. మిగిలిన 4 శాతాన్ని ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వం భరిస్తున్నందున రైతుకు వడ్డీ లేనట్లే. అందువలన గడువు దాటకుండా కట్టి, మరునాడే కొత్త రుణం తీసుకోవాలని ప్రతివారికీ ఆరాటం. చేతిలో డబ్బు లేనివాడు వ్యాపారివద్ద రెండు రోజులకు చేబదులు తెచ్చి, కట్టి, కొత్త రుణం చేతికి రాగానే కమీషనుతో సహా తిరిగి ఇచ్చివేస్తాడు. పుస్తకంలో బాకీ తీరినది, మనిషిమీద మాత్రం అట్లాగే ఉన్నది. మా మండలిలో ఈ చేబదుళ్లను మంత్రిగారే కుదుర్చేవారు. ఒక సంవత్సరం అకాల వర్షాలకు పంట పడిపోయినది. వ్యాపారి కమీషను పెంచాడు. చాలామంది ఇవ్వలేకపోయారు. ఒక్క వారంలో నూరు శాతం సంఘం తలక్రిందులైనది.

విచారణకు వెళ్లినపుడు మంత్రి తల వంచుకొని కూర్చున్నాడు. ప్రముఖ్‌కు నిజంగానే ఏమీ తెలియదు. సంగతి చెప్పినది ఒక కుర్ర గుమాస్తా, అదీ బయట టీ దుకాణం దగ్గర. “రెండేళ్ల క్రితమే చెప్పాను సాహెబ్. ప్రముఖ్‌గారు కోప్పడలేదు. ‘నీకు ఇక్కడ పనిచేయడం ఇష్టంగా లేదా బేటా?’ అని అడిగారు. అంతే.”

నేను బి.యస్సీ.లో రసాయన శాస్త్రం చదివినవాడిని. ద్రావణంలో ఏమున్నదో లిట్మస్ కాగితం రంగు మార్చి చెబుతుంది. రంగు మారినందుకు కాగితాన్ని చించివేసేవారు ప్రయోగశాలలో ఉండరు. ఆ మండలిలో జరిగినది అదే. అక్కడ ఎవరూ పైసా తినలేదు. గట్టిగా అరిచినవారు లేరు. ప్రముఖ్ మర్యాదస్థుడు, ఊరికి కావలసినవాడు. అయినా చెడు వార్త అతనిని చేరే దారి మూసుకొనిపోయినది. అది మూసుకొన్న నాటినుండి ఆయన నాయకుడుగా కాక, ఫోటోలో మధ్య కుర్చీలో కూర్చునే మనిషిగా మిగిలాడు.

దీనివలన నష్టపోయేది ఎవరో ఆలోచించండి. బ్యాంకు డిపాజిట్లకు బీమా ఉన్నది. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క డిపాజిటుదారునికి అది 5 లక్షల రూపాయలు. ఈ బీమా వాణిజ్య బ్యాంకులకు, సహకార బ్యాంకులకు వర్తిస్తుంది గాని ప్రాథమిక పరపతి సంఘాలకు వర్తించదు. మీ సంఘంలో పొదుపు దాచుకొన్న వితంతువుకు మీ పాలకవర్గం జాగ్రత్తయే బీమా. పెద్ద సంస్థలకు కూడ ఈ గండం తప్పలేదు. అహమ్మదాబాదులోని మాధవపుర మర్కెంటైల్ సహకార బ్యాంకు షేర్ల దళారులకు హద్దుమీరి అప్పులిచ్చి 2001 మార్చిలో కుప్పకూలినది. గుజరాత్‌లోని ఎన్నో పట్టణ సహకార బ్యాంకుల డబ్బు అందులో చిక్కుకొన్నది. 2012లో దాని లైసెన్సు రద్దైనది. అంత మొత్తాల అప్పు కాగితాలు ఎన్ని బల్లలు దాటి వెళ్లి ఉంటాయి! ఆ బల్లల వెనుక కూర్చున్నవారు మౌనంగా ఎందుకు ఉండవలసి వచ్చిందన్నదే ప్రతి సంఘమూ తనను తాను అడగవలసిన మాట.

నాయకుణ్ణి వెతకడమా, పెంచడమా?

మన దేశంలో 1904 సహకార పరపతి సంఘాల చట్టానికి ముందే, మద్రాసు ప్రభుత్వం కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరపు సంఘాలను పరిశీలించి 1895లో నివేదిక సమర్పించాడు. జర్మనీలో గ్రామీణ పరపతి సంఘాలకు పునాది వేసిన రైఫైజన్ వంటి మనిషిని వెతికి పట్టుకొనండి అన్నది దాని సారాంశం. నికల్సన్ మాటను కాదనే అర్హత నాకు లేదు గాని, ఆ సలహావలన మనకు ఒక అలవాటు పట్టుకొన్నదని నా అభిప్రాయం. ఊరిలో ఒక పెద్దమనిషిని వెతికి కుర్చీలో కూర్చోబెట్టి, ఇక సంఘం ఆయనే చూసుకొంటాడని ఇంటికి వెళ్లిపోతాము.

మన తెలుగునాట వేరొక దారి కూడ ఉన్నది. ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో 14 గ్రామాలలో 373 మంది సభ్యులతో మొదలైనది. స్థాపకులు ఎ.కె.విశ్వనాథరెడ్డిగారి పేరు ఈ పత్రిక పాఠకులకు సుపరిచితమే. ఆయన గురించి చాలామంది రాశారు. నేను చూపదలచినది ఆ తరువాత అదే ప్రాంతంలో జరిగిన సంగతి. సహకార వికాస సంస్థ ప్రోత్సాహంతో అక్కడి గ్రామాలలో మహిళా పొదుపు సంఘాలు ఏర్పడినవి. నెలనెలా కొద్దిపాటి పొదుపు, దానిలోనుండే అప్పులు. డైరెక్టర్లలో మూడవ వంతు ఏటేటా వంతులవారీగా దిగిపోతారు, కొత్తవారు వస్తారు. కనుక ఏ సంవత్సరం చూసినా పాతవారి పక్కన కూర్చొని పని నేర్చుకొంటున్నవారు కొందరు ఉంటారు. నిన్నటివరకు బ్యాంకు గడప తొక్కని స్త్రీలు నగదు పుస్తకం నిల్వ సరిచూడటం, తీర్మానం రాయించడం, బంధువు అడిగిన అప్పును కాదనడం నేర్చుకొన్నారు. ఈ మూడింటిలో చివరిదే కష్టం. తరువాత ముల్కనూరు మహిళా పాడి సహకార సంఘం ప్రారంభమైనపుడు దానిని నడపడానికి నాయకురాళ్లను ఎక్కడినుండో తెచ్చుకోవలసిన అవసరం రాలేదు. నారుమడి అప్పటికే పెరిగి ఉన్నది.

ఒకే సిబ్బంది, వేరు నగరం

పని వాతావరణం మార్చడానికి మనుషులను మార్చవలసిన పని లేదనడానికి సూరత్ నగరమే సాక్ష్యం. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వార్త పుట్టగానే లక్షలాది జనం ఊరు విడిచి పరుగెత్తారు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలపై పనిచేసే మన పద్మశాలి కుటుంబాల పెద్దలు ఆ రోజుల రైళ్ల గురించి ఇప్పటికీ చెబుతారు. మరుసటి సంవత్సరం మే నెలలో ఎస్.ఆర్.రావుగారు మునిసిపల్ కమిషనరుగా వచ్చారు. నగరాన్ని 6 జోన్లుగా చేసి, ఒక్కొక్క జోను అధికారికి పరిపాలనాధికారాలు, ఖర్చు చేసే అధికారాలు అప్పగించారు. పొద్దుటిపూట అధికారులందరూ వీధులలోనే ఉండాలి. తరువాత అందరూ ఒకచోట కూర్చొని ఆనాటి లోపాలను ఆనాడే మాట్లాడుకోవాలి. చల్లని గది వదిలి రోజువారీ పనిలోకి రావడాన్ని ‘ఏ.సి. నుండి డి.సి.కి’ అని సరదాగా పిలిచేవారు. రెండేళ్లు తిరగకముందే సూరత్, చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేరు పొందినది. ఊడ్చినవారు, ఊడిపించినవారు చాలావరకు పాతవారే.

ఇందులో మన సంఘాలకు పనికివచ్చేది ఆ అధికారాల అప్పగింత. నిర్ణయం తీసుకొనే హక్కు లేనివాడికి చెడు వార్త చెప్పవలసిన అవసరం కూడ కనిపించదు. తనది కాని తప్పును తలకెత్తుకోవడమెందుకని ఊరుకొంటాడు.

సుముల్ పేరుతో పిలిచే సూరత్ జిల్లా పాల సంఘం 1951 నుండి ఉన్నది. దాని గ్రామ సంఘాలలో ఉదయం, సాయంకాలం పాలు పోసిన సభ్యురాలి ఎదుటనే కొలత, వెన్నశాతం తేలిపోతాయి. తేడా వస్తే అక్కడే అడుగుతుంది. పరపతి సంఘానికి అట్టి సదుపాయం లేదు. అప్పు మంజూరైన రోజునకు, అది మొండి బాకీ అయిన రోజునకు మధ్య ఏళ్లు గడచిపోతాయి. కనుక రోజూ దానంతట అది జరగని పనిని మనమే ఒక పద్ధతి పెట్టి జరిపించాలి. 2022లో కేంద్రం ఆమోదించిన పథకం క్రింద 63 వేల ప్రాథమిక సంఘాలను కంప్యూటరీకరించే పని మొదలైనది. మంచిదే. అయితే చేబదులు తెచ్చి కట్టినవాడిని, పంట అమ్మి కట్టినవాడిని కంప్యూటరు ఒకే గడిలో చూపుతుంది.

మేము చేసిన మార్పులు

మండలిలో తరువాత మేము చేసినవి చిన్న పనులు. నెలవారీ పాలకవర్గ సమావేశంలో మొదటి అంశం వాయిదా మీరిన బాకీలు. అంతకుముందు అది చివరి అంశం, టీ వచ్చిన తరువాత చదివేవారు. జాబితాను మంత్రి గాక గుమాస్తా చదవాలి. ప్రతి అప్పుపై అందరికంటె కొత్త సభ్యుడు ముందు మాట్లాడాలి, ప్రముఖ్ చివర మాట్లాడాలి. ఈ చివరి నియమానికి పాతవారు నొచ్చుకొన్నారు. పెద్దాయన ఏమనుకొంటున్నాడో తెలియకుండా చిన్నవాడు ఎట్లా మాట్లాడుతాడని ఒకాయన అమాయకంగానే అడిగాడు. ఆ ప్రశ్నలోనే జబ్బు పేరు ఉన్నదని నాకు తోచినది.

రెండవది సెలవు. డబ్బు, తాళాలు, పద్దులు చూసే కీలక ఉద్యోగులను ఏటా 10 పనిదినాలకు తక్కువ కాకుండా ఒకే విడతగా సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు నిర్దేశించినది. మోసాలు బయటపడటం దాని ఉద్దేశం. మన సంఘాలకు ఇది తప్పనిసరి కాకపోయినా పాటించవచ్చు. మంత్రి పది దినాలు కూతురి ఊరికి వెళ్లినపుడు గుమాస్తా సంఘాన్ని నడిపాడు. రెండు పొరపాట్లు చేశాడు. ఆ పది రోజులలో అతడు నేర్చుకొన్నది మా శిక్షణ తరగతులలో మూడేళ్లకు కూడ నేర్పలేకపోయేవారము. తరగతులు వద్దని నేననను. పని అప్పగించకుండా తరగతికి పంపితే భత్యం ఖర్చు, భోజనం మాత్రమే మిగులుతాయి.

జీతం మాట కూడ చెప్పాలి. నెలల తరబడి జీతం రాని కార్యదర్శినుండి నిజాయితీ కోరడం పాలకవర్గానికి తగదు. సంఘం లాభంలోనుండి అధ్యక్షుడి గదికి కొత్త సోఫా వచ్చి, గుమాస్తా జీతం బాకీ ఉన్న చోటును ఒకదానిని చూశాను.

మార్పు వెంటనే సత్ఫలితాలిచ్చినదని చెప్పలేను. మరుసటి సంవత్సరం వసూళ్ల శాతం పడిపోయినది. ప్రశంసాపత్రం రాలేదు. మహాజన సభలో ఒకరిద్దరు, పాత పద్ధతే బాగుండేది, సంఘం పరువు పోయినదని కేకలు వేశారు. ప్రముఖ్ లేచి, పోయినది పరువు కాదు, ముసుగు అని మాత్రం అని కూర్చున్నాడు. ఆ పూట ఎన్నికలు జరిగి ఉంటే ఆయన ఓడిపోయేవాడేమో.

ఇప్పుడు ఆ మండలిలో వసూళ్ల జాబితాకు మూడు గడులు ఉన్నవి: చెరకు సొమ్ములోనుండి చక్కెర కర్మాగారం మినహాయించినవి, సొంత డబ్బుతో కట్టినవి, చేబదులు తెచ్చి కట్టినవి. మూడవ గడిలో పేరు పడినవారిని అవమానించరు, రుణాన్ని వాయిదాలుగా మార్చే అవకాశం ఉన్నదేమో చూస్తారు. ఈ సంవత్సరం గడువు ముగిసిన వారంలో నేను సమావేశానికి వెళ్లాను. మూడవ గడి పేర్లు మొదటి పుట దాటి రెండవ పుటలోకి వచ్చినవి. గుమాస్తా ఆపకుండా చదివాడు. ప్రముఖ్ ముఖం ప్రసన్నంగా ఏమీ లేదు. ఆయన జేబులోనుండి కలం తీసి, ఒక్కొక్క పేరు పక్కన ఏ సభ్యుడు వెళ్లి కలవాలో రాసుకొంటూ పోయాడు. రెండు పేర్ల పక్కన తన పేరే రాసుకొన్నాడు.