వెనిస్‌లో అపార్ట్‌మెంట్ తీసుకోవచ్చా?

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిసి ఆరుగురం వెనిస్ వెళ్తున్నాం. శాకాహార వంట కోసం పాతనగరంలో అపార్ట్‌మెంట్ చూస్తున్నాం. ఇలాంటి అద్దెల వల్లే స్థానికులు ఊరు వదులుతున్నారట. తీసుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు. కానీ ఎవరి ఇల్లు తీసుకుంటున్నారో చూసుకోవాలి. మీరు విన్న మాటలో నిజముంది. 1951లో వెనిస్ పాతనగర జనాభా దాదాపు 1.75 లక్షలు, 2022లో అది 50 వేల కిందికి పడిపోయింది. ఈ వలస పర్యాటక అద్దెలకు చాలా ముందే మొదలైందని వాదించేవారున్నారు. అదీ నిజమే. చెమ్మ పట్టిన ఇళ్లు, 1966 నవంబరు వరద, అవతలి ఒడ్డున మార్గేరా ఫ్యాక్టరీల ఉద్యోగాలు ఎన్నో కుటుంబాలను కదిలించాయి. అయితే రోజువారీ అద్దెకు నెలవారీ అద్దెకన్నా ఎక్కువ వస్తున్నప్పుడు, ఖాళీ అయిన ఇల్లు మళ్లీ అక్కడ బతికే కుటుంబానికి దక్కడం కష్టం. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

‘మేమొక్కళ్లం మానేస్తే ఏం మారుతుంది?’ అని మీకు అనిపించవచ్చు. మానమనడం లేదు, ఎంచుకోమంటున్నాను. యజమాని అదే ఇంట్లో ఉంటూ కొన్ని గదులు, వంటగది ఇచ్చే చోటు దొరికితే మీ డబ్బు ఆ ఊరి మనిషిని ఊళ్లోనే నిలుపుతుంది. ప్రకటనలో ‘సిఐఎన్’ అనే జాతీయ గుర్తింపు సంఖ్య లేకపోతే వదిలేయండి. 2025 నుంచి అది తప్పనిసరి. పెద్దవాళ్లున్నారు కాబట్టి లిఫ్ట్ ఉందో లేదో, పడవ స్టాపు నుంచి ఎన్ని మెట్ల వంతెనలు దాటాలో డబ్బు కట్టకముందే అడగండి. పాతనగరం లోపల ఇంటి గుమ్మం దాకా కారు రాదు.