పాత లాంతరుకు కొత్త రంగు



మన ఇళ్లలో పాత లాంతర్లు అటక మీద పడి ఉంటాయి. తుప్పు పట్టాయని పాత ఇనుము కొనేవాళ్లకి ఇచ్చేస్తాం. మా నాయనమ్మ లాంతరు కూడా అలాగే పోవలసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు ఇంటిల్లిపాదికీ అదే వెలుగు. అందుకే పోయిన వేసవి సెలవుల్లో దానికి నేనే రంగు వేశాను. వారం తిరక్కుండా రంగంతా పెచ్చులుగా ఊడిపోయింది. నాయనమ్మ ఏమీ అనలేదు గాని నాకు చాలా బాధ వేసింది.

ఎందుకు ఊడింది?

ఇనుముకు గాలిలోని ఆక్సిజన్, తేమ తగిలితే తుప్పు పడుతుందని సైన్సులో చదువుకున్నాం కదా. తుప్పు గట్టిగా అంటుకుని ఉండదు, పొడిపొడిగా రాలుతుంది. నేను దాని మీదే రంగు వేశాను. తుప్పు రాలింది, దాంతోపాటు రంగూ రాలింది. అంతే!

కావలసినవి: వాటర్ పేపరు (తడిపి రుద్దే ఉప్పు కాగితం), సబ్బు, రెడ్ ఆక్సైడు, ఎనామిల్ రంగులు, టర్పెంటైన్, కుంచెలు, పాత గుడ్డ.

చేయు విధానము:

1. చిమ్నీ, వత్తి తీసెయ్యాలి. కిరోసిన్ ఉంటే పెద్దవాళ్ల చేత ఒంపించాలి. జిడ్డు పోయేలా సబ్బుతో కడగాలి.

2. వాటర్ పేపరుతో తుప్పు పోయేదాకా తడిగానే రుద్దాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పీల్చరాదు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండకూడదనే నియమం 2017 నవంబరు నుండే అమలైంది. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

3. ఎండలో బాగా ఆరబెట్టి, అదే రోజు రెడ్ ఆక్సైడు వెయ్యాలి. ఆలస్యమైతే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

4. మర్నాడు ఎనామిల్ రంగు పల్చగా రెండుసార్లు వెయ్యాలి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. మందంగా వేస్తే కారిపోతుంది. కుంచెలు టర్పెంటైన్‌తో కడగాలి. పొయ్యి దగ్గర ఈ పని చెయ్యొద్దు.

5. మళ్లీ వెలిగించే లాంతరైతే బర్నరుకి, పై టోపీకి రంగు వెయ్యకూడదు. అవి వేడెక్కుతాయి.

బొమ్మలు:

మా సవర ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా బొమ్మలు వేస్తారు. నేనూ ఎర్రరంగు మీద తెల్లరంగుతో అవే వేద్దామనుకున్నాను. నాయనమ్మ వద్దంది. "అవి పూజ చేసి గోడ మీద కూర్చోబెట్టినవి. చేత పట్టుకుని తిప్పేవి కావు" అంది. అందుకని చెట్టు, నెమలి వేశాను. చుట్టూ అగ్గిపుల్లతో చుక్కలు పెట్టాను. మీరు కూడా ఏ బొమ్మ వెయ్యొచ్చో ఇంట్లో పెద్దలను అడిగి వెయ్యండి.

వానాకాలం దాటింది. ఒక్క పెచ్చు కూడా లేవలేదు. ఇప్పుడు ఇంట్లో కిరోసిన్ లేదు గనుక చిమ్నీలో చిన్న బ్యాటరీ బల్బు పెట్టాం. పైన ఎంత మంచి రంగు వేసినా కింద తుప్పు ఉంటే నిలవదని నాకు తెలిసొచ్చింది.

— 9వ తరగతి విద్యార్థిని