పదునాలుగు వందల యేండ్ల వడ్రంగి వంశము

పురాతనమైన కట్టడమును కాపాడుటయనగా దాని దూలములను, స్తంభములను కాపాడుటయేయని మనలో ననేకులు తలంతురు. అయితే కొయ్యకు చెదలు పట్టును. అగ్ని దానిని దహించును. అట్టి కట్టడము శతాబ్దములు నిలుచుటకు మరియొకటి కావలెను. అదియేమో జపాను దేశమందలి ఒసాకా నగరములోని యొక వడ్రంగి వంశచరిత్ర మనకు తెలుపుచున్నది.

పూర్వము ఆ దేశమున బౌద్ధాలయములు కట్ట నేర్చినవారు లేకుండిరి. కావున క్రీ.శ. 578లో కొరియాలోని బెక్జె రాజ్యమునుండి శిల్పులు పిలిపింపబడిరనియు, వారిలో కొంగో షిగెమిత్సు ఒకడనియు ఆ వంశమువారు చెప్పుదురు. షోతోకు యువరాజు సంకల్పమున 593లో షితెన్నోజీ ఆలయ నిర్మాణ మారంభమయ్యెను. ఆలయము ముగిసినను పని ముగియలేదు. దానిని బాగుచేయుచుండుటయే షిగెమిత్సు సంతతివారికి జీవనమయ్యెను. వారి సంస్థకు కొంగో గుమి యని పేరు.

ఆ ఆలయము 1576లోను, 1614లోను యుద్ధములలో కాలిపోయెను. 1801లో పిడుగుపాటున దగ్ధమయ్యెను. అయినను ద్వారము, అయిదంతస్తుల గోపురము, ప్రధానమందిరము, ఉపన్యాసమందిరము దక్షిణమునుండి యుత్తరమునకు ఒకే వరుసనుండు ప్రాచీనక్రమము చెడలేదు. కొయ్య నశించినను కొలతలును, పనితనమును మనుష్యులయందు నిలిచియుండుటయే దీనికి కారణము. ఒక దూలము కొనను చెక్కి, మరియొక దూలమున తొలిచిన బెజ్జములో బిగించు నేర్పు పుస్తకము చదివినంత మాత్రమున రాదు. గురువు చెంత ఏండ్లతరబడి ఉలి పట్టినవానికే వచ్చును.

ఈ వంశములో పెద్దకొడుకైనంత మాత్రమున పెద్దరికము లభింపదు. సమర్థుడు లేనియెడల అల్లునికి ఇంటిపేరిచ్చి పెద్దను చేయుదురు. పూర్వికుడొకడు వ్రాసియుంచిన నియమములలో చదువును, లెక్కలును శ్రద్ధగా నేర్వవలెననియు, మితిమీరి త్రాగరాదనియు గలదు.

కష్టములు వారిని విడువలేదు. 1868 తరువాత ప్రభుత్వపు మార్పులవలన ఆలయము తన భూములను కోల్పోగా, వంశమునకు చిరకాలముగా వచ్చుచుండిన భృతి నిలిచిపోయెను. 37వ పెద్ద మరణించిన పిమ్మట అతని భార్య యోషియె 38వ పెద్దయై సంస్థను నడపెను. 1934లో తుపానుకు కూలిన గోపురమును ఆమె నాయకత్వమున 1940లో మరల నిలిపిరి. అయిదేండ్లకే, 1945లో, విమానదాడిలో అదియు కాలిపోయెను. నేటి గోపురము కాంక్రీటుది; రూపము మాత్రము ప్రాచీనమే.

అగ్నికిని, యుద్ధమునకును లొంగని ఈ సంస్థను తుదకు అప్పు లొంగదీసెను. భూముల ధరలు పెరుగుచున్న కాలమున చేసిన ఋణములు, ధరలు పడిపోగా తీర్చరానివయ్యెను. 2006లో సంస్థ వేరొక నిర్మాణసంస్థ యధీనమయ్యెను. అయినను పేరును, వడ్రంగులును నిలిచిరి. ఆలయముల పని నేటికిని సాగుచున్నది.

విద్యార్థులారా, దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు విధములు. చేతిపని చదువుకంటె తక్కువది కాదు. లెక్క తప్పినచో ఎంతటి పనితనమైనను ఇంటిని నిలుపజాలదు. ఇకమీదట పాత కట్టడమును చూచినపుడు, దీనిని కట్టినవారెవరని మాత్రమే గాక, ఇది పడిపోయినచో మరల కట్ట నేర్చినవారు నేడెవరున్నారని కూడ మనము అడుగవలెను.