అరచేతి కంప్యూటర్లు – వాటిని కలిపే తీగలు

– ఎం.సి.ఎ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి



కంప్యూటర్ అనగానే మనలో చాలామందికి కాలేజీ ల్యాబులో టేబుల్ మీద ఉండేదే గుర్తుకొస్తుంది. కానీ ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర సిటీ బస్సు ఎక్కితే కండక్టర్ చేతిలో ఉన్న టికెట్ మిషన్ కూడా కంప్యూటరే. నెలకోసారి వచ్చి కరెంటు బిల్లు కొట్టి ఇచ్చే మనిషి చేతిలోది కూడా అదే జాతి. రేషన్ షాపులో వేలు పెట్టమనే మిషన్ ఇంకొకటి. వీటన్నిటికీ పెద్దన్నలు 1980, 90లలో ఇంగ్లండులో, అమెరికాలో వచ్చిన అరచేతి కంప్యూటర్లు. వాటిని పీడీఏలు అనేవారు.

ఈ వ్యాసంలో వాటి ప్రాసెసర్ గురించి ఎక్కువ చెప్పబోవడం లేదు. వాటికి తగిలించే సామాను గురించి, అవి పక్క మిషన్లతో మాట్లాడే దారుల గురించి రాస్తున్నాను. చిన్న మిషన్ ఒంటరిగా చేయగలిగేది చాలా తక్కువ. దానికి ప్రింటర్ తగిలిస్తే టికెట్ మిషన్ అవుతుంది, వేలిముద్ర స్కానర్ తగిలిస్తే పింఛన్ మిషన్ అవుతుంది. ఆ తగిలింపు తెగితే ఏమవుతుందో మన ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

తొట్టి, ఒక బటన్

1996లో యూఎస్ రోబోటిక్స్ అనే అమెరికా కంపెనీ పైలట్ 1000, పైలట్ 5000 అనే రెండు అరచేతి కంప్యూటర్లు అమ్మకానికి పెట్టింది. ఇవే తర్వాత పామ్ పేరుతో ప్రసిద్ధి చెందాయి. పైలట్ 1000లో మెమరీ 128 కిలోబైట్లు మాత్రమే. ఇప్పుడు మనం ఫోన్‌లో పంపుకునే ఒక్క ఫొటోకే అది నిండిపోతుంది. రెండు సన్న పెన్సిల్ సెల్స్‌తో వారాల తరబడి నడిచేది. దీన్ని తయారు చేసిన జెఫ్ హాకిన్స్ ముందుగా ఒక చెక్కముక్కను అదే సైజుకు కోయించి, జేబులో పెట్టుకుని తిరిగాడట. మిషన్ పుట్టకముందే అది జేబులో పడుతుందో లేదో చూసుకున్నాడన్నమాట. అంతకు మూడేళ్ల ముందు ఆపిల్ కంపెనీ తెచ్చిన న్యూటన్ ఎక్కువమందికి చేరకపోవడానికి ఒక కారణం దాని సైజు, ఇంకో కారణం దాని ధర.

పైలట్‌తో పాటు ఒక తొట్టి వచ్చేది. ఇంగ్లీషులో కూడా దాన్ని క్రేడిల్ అంటే ఊయల తొట్టి అనే అన్నారు. ఆ తొట్టి తీగ టేబుల్ మీది కంప్యూటర్ వెనక ఉండే 9 పిన్నుల సీరియల్ పోర్టులోకి వెళ్లేది. సాయంత్రం ఇంటికొచ్చి మిషన్‌ను తొట్టిలో పెట్టి ఒక్క బటన్ నొక్కితే చాలు, పగలంతా రాసుకున్నవి కంప్యూటర్‌లోకి, కంప్యూటర్‌లో మార్చినవి మిషన్‌లోకి చేరిపోయేవి. దీన్ని హాట్‌సింక్ అన్నారు.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, ప్రతి రికార్డుకు ఒక చిన్న గుర్తు ఉండేది. రికార్డు మారితే ఆ గుర్తు పడుతుంది. సింక్ చేసినప్పుడు గుర్తు పడినవి మాత్రమే పంపుతుంది, పంపాక గుర్తు తుడిచేస్తుంది. ఒకే ఫోన్ నంబరును అటూ ఇటూ వేరువేరుగా మార్చి ఉంటే రెండు ప్రతులనూ ఉంచేది, ఏది సరైనదో మనిషే తేల్చుకోవాలి. డేటాబేస్ సబ్జెక్టు చదివే తమ్ముళ్లకు ఇది చాలా మంచి ఉదాహరణ, పరీక్షలో రాయవచ్చు.

ఒక లెక్క చేద్దాం

సీరియల్ తీగలో ఒక్కో బిట్ ఒకదాని వెనక ఒకటి, బస్సు క్యూలో మనుషుల్లా వెళ్తుంది. ఒక బైటుకు 8 బిట్లు, మొదలుకు ఒకటి, ముగింపుకు ఒకటి, మొత్తం 10. వేగం సెకనుకు 1,15,200 బిట్లు అనుకుంటే సెకనుకు 11,520 బైట్లు పోతాయి. ఒక్కోటి 100 బైట్ల చొప్పున వెయ్యి ఫోన్ నంబర్లు పంపాలంటే లక్ష బైట్లు, అంటే సుమారు 9 సెకన్లు. అదే 4 మెగాబైట్ల పాట పంపాలంటే 6 నిమిషాలు. ఆ రోజుల్లో వచ్చిన యూఎస్‌బీకి గరిష్ట వేగం సెకనుకు 1.2 కోట్ల బిట్లు, లెక్క ప్రకారం అదే పాట 3 సెకన్లలో అయిపోవాలి. నిజంగా అంత వేగం రాదనుకోండి.

1998లో వచ్చిన పామ్ త్రీలో తీగ లేకుండా పంపే ఇన్‌ఫ్రారెడ్ కిటికీ పెట్టారు. టీవీ రిమోట్‌లో ఉండే కంటికి కనిపించని వెలుగే ఇది. దూరం ఒక మీటరు, అది కూడా ఎదురెదురుగా పెట్టాలి, పక్కకు తిప్పితే తెగిపోతుంది. తర్వాత బ్లూటూత్ వచ్చింది. అది రేడియో కాబట్టి ఎదురెదురుగా పెట్టనక్కర్లేదు, పది మీటర్ల వరకు పనిచేస్తుంది, జేబులో ఉన్నా పరవాలేదు.

ఈ లెక్క ఎందుకు చేయించానంటే, ఒక బస్సు టికెట్ వివరం, ఒక పింఛన్ చెల్లింపు, ఒక వేలిముద్ర గుర్తులు ఇవన్నీ పాటంత బరువైనవి కావు, కొద్ది బైట్లే. పాత సీరియల్ తీగ కూడా వాటికి సరిపోతుంది. కాబట్టి మన మిషన్ల సమస్య వేగం కాదు. తీగ ఉందా లేదా అన్నదే సమస్య.

జాకెట్లు, స్లాట్లు

పామ్ పెట్టినవాళ్లే బయటికొచ్చి హ్యాండ్‌స్ప్రింగ్ అనే కంపెనీ పెట్టి, 1999లో వైజర్ అనే మిషన్ తెచ్చారు. దాని వెనక స్ప్రింగ్‌బోర్డ్ అనే పెద్ద స్లాట్ ఉండేది. అందులో మోడెమ్ పెడితే మోడెమ్, కెమెరా పెడితే కెమెరా, చివరికి సెల్‌ఫోన్ ముక్క పెడితే ఫోన్ కూడా అయ్యేది. 2000లో కాంపాక్ కంపెనీ ఐప్యాక్ తెచ్చి, దానికి తొడిగే జాకెట్లు అమ్మింది. మడత పెట్టి జేబులో వేసుకునే కీబోర్డులు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. నాకైతే అన్నిటిలో ఆ కీబోర్డే ముచ్చటేసింది.

కానీ వైజర్ స్లాట్ వైజర్‌కే పనికొచ్చేది. ఐప్యాక్ జాకెట్ ఐప్యాక్‌కే. 2003లో హ్యాండ్‌స్ప్రింగ్ మళ్లీ పామ్‌లో కలిసిపోయింది, స్ప్రింగ్‌బోర్డ్ మూలపడింది, దాని కోసం డబ్బు పెట్టి కొన్న సామానంతా డబ్బాలో మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద ఛార్జర్లు కొన్నవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. ఒకప్పుడు నోకియాకు సన్న పిన్ను ఒకటి, లావు పిన్ను ఒకటి, మిగతా కంపెనీలకు తలా ఒకటి. యూరప్ దేశాలు కొత్త ఫోన్లన్నిటికీ యూఎస్‌బీ-సి పోర్టే ఉండాలని చట్టం చేసి అమలు చేసింది 2024 డిసెంబరు 28 నుంచి. అంటే మొదటి పైలట్ వచ్చిన 28 ఏళ్లకు. నా ఉద్దేశంలో సర్కారు ఏ మిషన్ కొన్నా మొదట అడగవలసిన ప్రశ్న ధర కాదు, దీని తీగ వేరే చోట దొరుకుతుందా అని.

బెంగళూరు ప్రయత్నం

ఇదంతా జేబులో డైరీ పెట్టుకునే ఆఫీసర్ల కోసం తయారైన సరుకు. బీదవాళ్ల కోసం అరచేతి కంప్యూటర్ చేయాలని మన పక్కనే బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి పూనుకున్నారు. 2001లో వాళ్లు బయటపెట్టిన మిషన్ పేరు సింప్యూటర్. ధర 9,000 రూపాయల దగ్గర ఉండాలని లక్ష్యం. లినక్స్ మీద నడిచేది, భారతీయ భాషల్లో రాసినది చదివి వినిపించేలా తయారు చేశారు.

దీనికున్న పోర్టులు చూడండి. టెలిఫోన్ తీగకు మోడెమ్, యూఎస్‌బీ, ఇన్‌ఫ్రారెడ్, అన్నిటికన్నా ముఖ్యంగా స్మార్ట్ కార్డు పెట్టే సందు. ఊరికి ఒక మిషన్ చాలు, ఇంటికొక కార్డు ఉంటే సరిపోతుంది, ఎవరి కార్డు పెడితే మిషన్ ఆ కాసేపు వాళ్లదవుతుంది అన్నది ఆలోచన. మిషన్ కొనలేని మనిషిని లెక్కలోకి తీసుకుని గీసిన డిజైన్ అది. కర్ణాటకలో భూమి రికార్డుల పనికి వీటిని వాడారు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ అమిడా పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అయినా అమ్ముడుపోయినవి కొద్ది వేలే. అప్పటికే సెల్‌ఫోన్ల ధర పడిపోతోంది, మాట్లాడటానికి పనికిరాని మిషన్ ఎవరు కొంటారు? గ్రూప్స్‌కు చదివేవాళ్లు సింప్యూటర్ పేరు గుర్తుంచుకోండి.

మన కళ్ల ముందున్నవి

కండక్టర్ మిషన్‌ను టిమ్ అంటారు. అంతకు ముందు టికెట్ కట్టలు, పంచ్ ఉండేవి. టిమ్ బస్సులో ఒంటరిగా పనిచేస్తుంది. డ్యూటీ దిగాక డిపోలో అప్పజెప్తే రోజంతా కొట్టిన టికెట్ల లెక్క అక్కడి కంప్యూటర్‌లోకి దిగుతుంది. అంటే పైలట్ తొట్టి ముచ్చటే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఇస్తున్న జీరో టికెట్ కూడా ఈ మిషన్‌లోంచే వస్తుంది. ఆ లెక్క ఉంటేనే కదా సర్కారు ఆర్టీసీకి డబ్బు కట్టేది. కొత్తగా వచ్చిన ఐ-టిమ్‌లు ఫోన్‌తో చెల్లించే డబ్బు కూడా తీసుకుంటాయి కాబట్టి వాటికి నెట్‌వర్క్ కూడా కావాలి.

కరెంటు మీటర్లలో ఐఆర్ పోర్టు ఉన్నవి వచ్చాక, మిషన్‌ను మీటరుకు ఎదురుగా పెడితే రీడింగ్ దానంతట అదే ఎక్కుతుంది. పామ్ త్రీలోని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు లాంటిదే ఇక్కడా పనిచేస్తుంది. చేత్తో కొట్టే అంకె తప్పు పోయే అవకాశం తగ్గింది.

ఈ రెండు మిషన్లలోని ప్రింటర్‌లో సిరా ఉండదు. కాగితం మీద మందు పూసి ఉంటుంది, సన్నని వేడి చుక్కలు తగిలిన చోట నల్లబడుతుంది. అందుకే ఆ కాగితం ఎండలో, పర్సులో కొన్నాళ్లకు తెల్లబడిపోతుంది. పరీక్ష ఫీజు, స్కాలర్‌షిప్ రసీదులు ఇలాంటి కాగితం మీద ఇస్తే అదే రోజు జిరాక్స్ తీసి పెట్టుకోండి.

కరువు పని కార్డు

మాది నల్గొండ జిల్లా. ఉపాధి హామీని మా దిక్కు కరువు పని అంటారు. నేను నాలుగో తరగతి చదివేటప్పుడు మా అమ్మ ఆ కూలి డబ్బులు ఒక కార్డు పెట్టి తీసుకునేది. ఊళ్లోనే ఒక అక్క దగ్గర మిషన్ ఉండేది. కార్డు పెట్టాలి, వేలు పెట్టాలి, మిషన్ ఎంత డబ్బో తెలుగులో చెప్పేది, చీటీ వచ్చేది. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆ గొంతు వినడమే ఆమెకు లెక్క. వేలు పడకపోతే కొంగుతో తుడిచి మళ్లీ పెట్టేది. పార, గంప పట్టిన చేతుల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి!

పెద్దయ్యాక దాని గురించి చదివితే తెలిసింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ స్మార్ట్ కార్డులను మండలాల వారీగా తెచ్చింది. 2010 నుంచి 2012 వరకు నల్గొండ, ఖమ్మం, ఆదిలాబాద్, అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనక అన్నది లాటరీ పద్ధతిలో తీశారు. కార్డు వచ్చిన మండలాల్లో కూలి తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ సుమారు 20 నిమిషాలు తగ్గింది, డబ్బు కొన్ని రోజులు ముందుగా చేతికొచ్చింది, మధ్యలో పోయే డబ్బు దాదాపు 40 శాతం తగ్గింది. రెండేళ్లయినా చెల్లింపుల్లో సగం మాత్రమే కార్డు మీదికి మారాయి. అయినా ఈ ఫలితం వచ్చింది.

ఇక్కడ మన పాఠానికి సంబంధించిన సంగతి ఒకటుంది. వేలిముద్ర గుర్తులు కార్డులోనే ఉండేవి. మిషన్ వేలిని కార్డుతో పోల్చుకునేది, ఆ క్షణంలో హైదరాబాద్‌ను అడగవలసిన పని లేదు. లెక్కలు తర్వాత పంపేది. ఆధార్ పద్ధతిలో వేలిముద్రలు దూరంలో ఉన్న కేంద్ర భాండాగారంలో ఉంటాయి. వేలు పెట్టిన ప్రతిసారీ ప్రశ్న అక్కడికి వెళ్లి, జవాబు తిరిగి రావాలి. కార్డు పోగొట్టుకుంటామన్న భయం లేదు, ఏ ఊళ్లోనైనా తీసుకోవచ్చు, అది మంచిదే. కూలి పనికి ఎల్బీనగర్ వచ్చిన కుటుంబం ఇక్కడే రేషన్ తీసుకోగలగడం చిన్న విషయం కాదు. కానీ సిగ్నల్ పోతే పని ఆగుతుంది. పోయినేడు మా నానమ్మ మూడు రోజులు వరుసగా తిరిగింది, ప్రతిసారీ ఒకటే మాట, వేలు పడతలేదు అని. నేను వెళ్లి మిషన్ తెర చూస్తే అది వేలు సంగతే కాదు, నెట్‌వర్క్ లేదు. ముసలమ్మ మాత్రం తన చేతుల్నే తిట్టుకుంటూ మూడు రోజులు నిమ్మకాయతో రుద్దుకుంది.

అందుకని సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు తెర మీద అంకె చూడండి. 300 అని వస్తే వేలిముద్ర కలవలేదని అర్థం. అప్పుడు వేలు కడిగి, తుడిచి, వేరే వేలు పెట్టించాలి, కనుపాప స్కానర్ ఉంటే అది అడగాలి. 330 వస్తే ఆ మనిషి బయోమెట్రిక్ లాక్ అయి ఉంది, అన్‌లాక్ చేయించాలి. 811 వస్తే కేంద్రంలో వాళ్ల బయోమెట్రిక్ వివరాలే లేవని, ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. ఏ అంకె రాకుండా గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతే అది సిగ్నల్. అప్పుడు పది వేళ్లు మార్చినా లాభం లేదు, మిషన్‌ను బయటికి, సిగ్నల్ అందే చోటికి తెమ్మనాలి.