హైరం రెవెల్సు

అమెరికా సంయుక్త రాష్ట్రముల కేంద్ర శాసనమండలికి కాంగ్రెసు అని పేరు. అందు రెండు సభలు కలవు. ఒకటి ప్రతినిధుల సభ, రెండవది సెనేటు. రాష్ట్రము పెద్దదైనను చిన్నదైనను సెనేటులో దానికి ఇద్దరే సభ్యులు. నేడు ఈ సభ్యులను ప్రజలే నేరుగా ఎన్నుకొనుచున్నారు. కాని 1913వ సంవత్సరమునకు పూర్వము రాష్ట్ర శాసనసభలు వారిని ఎన్నుకొనుచుండెను. మన దేశమున రాష్ట్రముల శాసనసభ్యులు రాజ్యసభకు సభ్యులను ఎన్నుకొను పద్ధతి దీనిని పోలియున్నది. ఆ విధముగా ఒక రాష్ట్ర శాసనసభనుండి సెనేటునకు వెళ్లి, ఆ సభలో కూర్చున్న మొట్టమొదటి నల్లజాతి సభ్యుడు హైరం రెవెల్సు. ఆయన అచ్చట ఉన్నది ఇంచుమించు ఒక్క సంవత్సరము మాత్రమే. కాని ఆయన ఆ సభలో అడుగిడుటకు ముందు ఒక అంతర్యుద్ధము జరుగవలసివచ్చెను. దేశ రాజ్యాంగమే మారవలసివచ్చెను.

రెవెల్సు 1827వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ఉత్తర కెరొలీనా రాష్ట్రమందలి ఫాయెట్‌విల్ పట్టణమున జన్మించెను. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారిలో పెక్కుమంది బానిసలు. పశువులను కొన్నట్లే మనుష్యులను సంతలో కొనుచుండిరి. తల్లినొకరికి, బిడ్డనొకరికి అమ్ముచుండిరి. రెవెల్సు తలిదండ్రులు బానిసలు కారు. అయినను స్వతంత్రులైన నల్లవారికి సైతము తెల్లవారితో సమానమైన హక్కులు లేవు. వారి బిడ్డలకు చదువు దొరకుట కడు దుర్లభము. బాలుడైన రెవెల్సు ఒక నల్లజాతి ఉపాధ్యాయినియొద్ద చదువను వ్రాయను నేర్చుకొనెను. పిదప అన్నయొద్ద క్షౌరవృత్తి నేర్చెను. 1841లో అన్న మరణింపగా ఆ క్షౌరశాల ఆయన వశమయ్యెను. భుక్తికి లోటు లేదు. కాని చదువు మీది మక్కువ ఆయనను అచ్చట నిలువనీయలేదు. క్షౌరశాలను విడిచి, ఉత్తరమునకు ఇండియానా రాష్ట్రమునకు పోయి, బానిసత్వమును నిరసించు క్వేకర్లు అను క్రైస్తవ శాఖవారి విద్యాలయమున చేరెను. 1845లో మతబోధకుడయ్యెను.

తరువాత పెక్కు సంవత్సరములు ఆయన ఊరూరను తిరుగుచు నల్లజాతివారికి ధర్మబోధ చేసెను. బానిసత్వము చెల్లుచున్న రాష్ట్రములలో ఈ పని ప్రమాదకరము. స్వతంత్రుడైన నల్లవాడు వచ్చి మాటలాడినచో బానిసలు తిరుగబడుదురని యజమానుల భయము. 1854లో మిస్సూరి రాష్ట్రమున నల్లవారికి బోధించినందులకు ఆయనను చెరసాలలో ఉంచిరి. విడుదలయైన పిదప ఆయన ఇల్లినాయి రాష్ట్రమందలి నాక్స్ కళాశాలలో చేరి మరల విద్యార్థి అయ్యెను. 1861లో బానిసత్వము కారణముగా ఉత్తర దక్షిణములకు అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. అప్పుడాయన నల్లజాతి యువకులను ఉత్తర సైన్యమున చేర్చుటకు పాటుపడెను. సైనికులకు మతాచార్యుడై సేవ చేసెను. సెంట్ లూయీ నగరమున విముక్తులైన బానిసలకొక పాఠశాల స్థాపించెను.

1865లో యుద్ధము ముగిసి, బానిసత్వము అంతరించెను. మరుసటి సంవత్సరము రెవెల్సు మిస్సిసిపీ రాష్ట్రమందలి నాచెజ్ నగరమున స్థిరపడెను. 1860 నాటి జనాభా లెక్కల ప్రకారము ఆ రాష్ట్రమున సుమారు 7,91,000 మంది జనులుండగా వారిలో 4,36,000 మందికి పైగా బానిసలే. నాచెజ్ నగరము బానిసల అంగడికి పేరుపడినది. నిన్నటి వరకు మనుష్యులను అమ్మిన ఆ నగరముననే 1868లో రెవెల్సు పురపాలక సభ్యుడయ్యెను. రాజకీయములలో దిగినచో తన మతసేవకు భంగము కలుగునేమో, జాతివైరములు పెరుగునేమో అని ఆయన మొదట సంకోచించెను. కాని నగరమునకు పాఠశాలలు కావలెను. వాటికై పాటుపడువారును కావలెను. అందుచేత ఆయన సమ్మతించెను. 1869లో రాష్ట్ర సెనేటునకు ఎన్నికయ్యెను.

1870 జనవరిలో రాష్ట్ర శాసనసభ సమావేశమైనప్పుడు ప్రారంభ ప్రార్థన చేయుమని రెవెల్సును కోరిరి. ఆ ప్రార్థన విన్న సభ్యుల హృదయములు కరగెను. అంతవరకు ఆయనను అంతగా ఎరుగనివారు సైతము, ఇతడు సామాన్యుడు కాడని తలచిరి. ఆ సమావేశముననే జాతీయ సెనేటునకు సభ్యులను ఎన్నుకొనవలసియుండెను. 1861లో మిస్సిసిపీ రాష్ట్రము దేశమునుండి విడిపోయినప్పుడు దాని సెనేటర్లిద్దరును సభను విడిచి వెళ్లిరి. వారిలో ఒకడైన జెఫర్‌సన్ డేవిస్ దక్షిణ కూటమికి అధ్యక్షుడయ్యెను. నాటినుండి ఆ రెండు స్థానములును ఖాళీగానే యుండెను. వానిలో ఒకటి నల్లజాతివారికి ఈయవలెనని నల్లజాతి శాసనసభ్యులు పట్టుపట్టిరి. తుదకు 81 వోట్లు అనుకూలముగను, 15 వోట్లు ప్రతికూలముగను రాగా రెవెల్సు ఎన్నికయ్యెను.

ఎన్నికతో కథ ముగియలేదు. ఆయన వాషింగ్టను నగరమునకు చేరగానే సెనేటులో పెద్ద వివాదము చెలరేగెను. సెనేటరు కాగోరువాడు కనీసము తొమ్మిది సంవత్సరములు అమెరికా పౌరుడై యుండవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. 1857లో డ్రెడ్ స్కాటు అను బానిస వ్యాజ్యమున దేశపు సుప్రీంకోర్టు, నల్లజాతివారు అమెరికా పౌరులు కాజాలరని తీర్పు చెప్పియుండెను. ఆ అన్యాయమును సరిదిద్దుచు 1868లో రాజ్యాంగమునకు పదునాల్గవ సవరణ చేయబడెను. ప్రతిపక్షులు ఈ తీర్పునే పట్టుకొనిరి. “ఇతడు పౌరుడై రెండేండ్లయినను నిండలేదు, తొమ్మిదేండ్ల నియమమును ఎట్లు తీర్చును?” అని వారి వాదము. రెవెల్సు ఈ దేశముననే స్వతంత్రుడై పుట్టినవాడు. నలువది రెండేండ్ల వయసువాడు. అట్టివానిని రెండేండ్ల పౌరుడనుట ఎంత వింత! ఛార్లెస్ సమ్నరు మొదలగు అనుకూలురు, ఆ తీర్పు నాడే తప్పనియు, ఒక తప్పును ఆధారము చేసికొని మరియొక తప్పు చేయరాదనియు వాదించిరి.

మూడు దినములు చర్చ సాగెను. రెవెల్సు ఆ మాటలన్నియు వినుచు ఓర్పుతో వేచియుండెను. ఫిబ్రవరి 25వ తేదీన వోట్లు తీసికొనగా 48 అనుకూలముగను, 8 ప్రతికూలముగను వచ్చెను. ప్రేక్షకుల వసారాలు క్రిక్కిరిసియుండెను. సెనేటరు హెన్రీ విల్సను ఆయనను వెంటబెట్టుకొని అధ్యక్షపీఠమువద్దకు కొనిపోయెను. ప్రేక్షకులు లేచి నిలువబడి చూచుచుండగా రెవెల్సు ప్రమాణస్వీకారము చేసెను.

పదవి లభించిన పిదప ఆయన ఏమి చేసెనో తెలిసికొనదగినది. 1868లో జార్జియా రాష్ట్ర శాసనసభ తన నల్లజాతి సభ్యులను వెడలగొట్టియుండెను. ఆ రాష్ట్ర విషయము సెనేటులో చర్చకు రాగా, మార్చి 16వ తేదీన రెవెల్సు తన మొదటి ఉపన్యాసమున అచ్చటి నల్లవారికి రక్షణ కావలెనని కోరెను. యుద్ధకాలమున యజమానులు రణరంగమునకు పోగా, వారి భార్యాబిడ్డలకు నల్లజాతివారు హాని చేయలేదని ఆయన సభకు జ్ఞాపకము చేసెను. రాజధానిలో నల్లపిల్లలకును తెల్లపిల్లలకును వేరు వేరు బడులు ఉండరాదని వాదించెను. ఆ వాదము నెగ్గలేదు. ప్రభుత్వ నౌకాశాలలో నల్లజాతి పనివారిని చేర్చుకొనునట్లు చేసెను. ఇంతే కాదు. యుద్ధమున దేశమునకు ఎదురు తిరిగిన దక్షిణ రాష్ట్రముల తెల్లవారు విధేయతాప్రమాణము చేసినచో వారి రాజకీయ హక్కులను వారికి తిరిగి ఈయవలెనని కూడ ఆయన చెప్పెను. తమవారిని బానిసలుగా ఏలినవారి పక్షమున అట్లు పలుకుటకు ఎంతటి నిబ్బరము కావలెను! తనవారికి న్యాయము కోరినవాడు పరులకు క్షమ నిరాకరింపలేదు.

1871 మార్చిలో ఆయన పదవీకాలము ముగిసెను. అటుపిమ్మట ఆయన నల్లజాతి విద్యార్థులకొరకు మిస్సిసిపీలో వెలసిన ఆల్కార్న్ కళాశాలకు మొదటి అధ్యక్షుడయ్యెను. నడుమ కొంతకాలము తప్ప 1882 వరకు ఆ పదవిలోనే యుండెను. ఆయన చేసినదంతయు అందరును మెచ్చిరనరాదు. 1875లో తన పక్షపు నాయకుల అవినీతిని నిందించుచు దేశాధ్యక్షుడైన గ్రాంటునకు లేఖ వ్రాయగా, తనవారిలోనే పెక్కురు ఆయనను తప్పుపట్టిరి. 1890లో మిస్సిసిపీ కొత్త రాజ్యాంగము వోటుపన్నును, అక్షరాస్యత పరీక్షను విధించి నల్లవారి వోటుహక్కును కాజేసెను. వృద్ధుడైన రెవెల్సు ఆ దుస్థితిని కన్నులార చూచెను. 1901 జనవరి 16వ తేదీన ఒక మతసభకు వెళ్లియుండగా ఆయన మరణించెను.

ఆయన తరువాత అదే రాష్ట్రమునుండి బ్లాంచ్ బ్రూస్ 1875 మొదలు 1881 వరకు సెనేటరుగా నుండెను. పిమ్మట ఎనుబదియైదేండ్లకు పైగా ఆ సభలో నల్లజాతి సభ్యుడొక్కడును లేడు. 1966లో ఎడ్వర్డ్ బ్రూక్ ఎన్నికై, మరుసటి జనవరిలో సభలో ప్రవేశించెను. బరాక్ ఒబామా కూడ మొదట ఇల్లినాయి రాష్ట్ర సెనేటులో పనిచేసి, 2005లో జాతీయ సెనేటరై, 2009లో దేశాధ్యక్షుడయ్యెను.

విద్యార్థులారా! హక్కు ఒకసారి లభించినంత మాత్రమున శాశ్వతము కాదు. తెరచిన తలుపు మరల మూయబడవచ్చును. దానిని కాపాడుకొనుటకు ప్రతి తరమువారును మెలకువతో ఉండవలెను. ఒకనాడు చదువుకొరకు క్షౌరశాలను విడిచిన బాలుడు దేశపు పెద్దసభలో నిలిచి, పౌరుడనగా ఎవరు అను ప్రశ్నకు తన నడవడిచేత సమాధానము చెప్పెను. రెవెల్సు జీవితము మనకు నేర్పు పాఠమిదియే.

ప్రశ్నలు

1. 1913కు పూర్వము అమెరికా సెనేటు సభ్యులను ఎవరు ఎన్నుకొనుచుండిరి? మన దేశమున దానిని పోలిన పద్ధతి ఏది?
2. రెవెల్సు సెనేటులో చేరుటకు ప్రతిపక్షులు చెప్పిన అభ్యంతరమేమి? దానికి అనుకూలురు ఏమని బదులు చెప్పిరి?
3. తన జాతికి న్యాయము కోరుచునే రెవెల్సు పరులయెడ ఎట్లు ప్రవర్తించెను?
4. “తెరచిన తలుపు మరల మూయబడవచ్చును” — ఈ వాక్యమును పాఠమునందలి విషయములతో వివరింపుము.