రాత్రిళ్లు 255 వోల్టులు: వాల్వు ఆంప్లిఫయర్ ఏమవుతుంది?

ప్రశ్న: మా నాన్నగారి వాల్వు ఆంప్లిఫయర్ రాత్రిపూట విపరీతంగా వేడెక్కుతోంది. మీటరు 255 చూపిస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తుళ్లూరు

జవాబు: పొలాల్లో మోటార్లు ఆగి లోడు తగ్గితే లైన్లో వోల్టేజీ పెరుగుతుందండీ. 230కి పది శాతం ఎక్కువ, అంటే 253 దాటితే కరెంటాఫీసులో ఫిర్యాదు చేయండి. ఈలోగా ప్లగ్గు పీకి, సెట్టు వెనక వోల్టేజీ ట్యాపు చూడండి. 230 మీద ఉంటే 6.3 వోల్టుల ఫిలమెంటుకు దాదాపు 7 అందుతోందన్నమాట. వాల్వుల ఆయుష్షు తరిగిపోతుంది. 250కి మార్చండి.

ఆ ట్యాపు లేదా? 18 వోల్టుల, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని మెయిన్స్‌కిచ్చి, సెకండరీని ఫేజు వైరులో సిరీస్‌గా, ఎదురు దిశలో కలిపిస్తే సుమారు 235కి దిగుతుంది. తీగలు తారుమారైతే సుమారు 275కి ఎక్కుతుంది! అందుకే ముందు 60 వాట్ల బల్బు పెట్టి మీటరుతో చూడాలి. ఫ్యూజు తప్పనిసరి. ఈ పని అనుభవమున్న మెకానిక్కుకే అప్పగించండి. స్విచ్చాపినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు.